కృత్రిమ శాద్వలము

కృష్ణాడెల్టా దిగువభాగమున ఇల్లు కట్టుకొన్నవానికి తన నేలయొక్క స్వభావము శంకుస్థాపననాడు తెలియదు, గృహప్రవేశమునాడును తెలియదు. మొదటి వానకారున తెలియును. వేసవిలో చూచినపుడు ఆ నేల ఇనుపపలకవలె గట్టిపడి, అక్కడక్కడ చేయి దూరునంతటి నెర్రెలు విచ్చి, గడ్డపారను తిప్పికొట్టును. తొలకరి పడిన వారమునకే నెర్రెలు మూసికొని, మట్టి ఉబ్బి, వాకిట నడచినవాని చెప్పును పట్టుకొని విడువదు. ఆషాఢము దాటిన పిదప అది వాకిలి కాదు; ఊడ్పునకు సిద్ధమైన మడి.

మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ - ఈ మూడు తావులలోను కథ ఒక్కటియే గాని అందులో తారతమ్యములు కలవు. గుడివాడ ప్రాంతమున నల్లరేగడి దళసరిగా పరచుకొని యున్నది. బందరులో ఆ రేగడిక్రింద ఉప్పునీరు పొంచియున్నది. దివిసీమలోనో, పులిగడ్డకడ కృష్ణ రెండుపాయలుగా చీలిన చోటినుండి హంసలదీవి వరకు ఏటియొండ్రు, ఇసుక, చౌడు ఒకదాని ప్రక్క నొకటి వచ్చుచుండుటచే ఒక వీధి నేల యింకొక వీధి నేలను పోలదు. మూలము మాత్రము నదియే. మహాబలేశ్వరమున బుట్టిన కృష్ణ, మహారాష్ట్రమందలి నల్లరాతి పీఠభూములను కడిగి తెచ్చిన సన్నని మట్టిని వేలయేండ్లుగా ఇచ్చట దింపుచు వచ్చినది. ఆ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అను జాతి బంకమన్ను పాలు హెచ్చు. దాని రేణువులు అతిసూక్ష్మములైన పొరల దొంతరలు. పొరల నడుమకు నీరు చొచ్చినపుడు దొంతర ఉబ్బును. నీరు పోయినపుడు క్రుంగును. నీటిని త్రాగుటలో ఎంత యాత్రమో, దానిని క్రిందికి విడుచుటలో అంత పిసినారితనము. గంటకు కొలది మిల్లీమీటర్లకంటె లోనికి పోనీయదు.

ఈ పిసినారితనమే మనకు అన్నము పెట్టుచున్నది. విజయవాడకడ 1855 నాటికి ఆనకట్ట పూర్తియై కాలువలు పారుటతో ఈ సీమ వరిమాగాణి యైనది; పారిన నీటిని మడిలో నిలిపి యుంచుట ఈ మట్టి చేయుపని. పొలమున మనము కొనియాడు గుణమునే వాకిట మనము తిట్టుచున్నాము. మట్టికి పొలమేదో వాకిలియేదో తెలియదు గదా!

పూర్వపు గృహస్థులు ఈ మట్టితో తగవు పెట్టుకొనలేదు. దొడ్డిలో నొకమూల త్రవ్వి, ఆ మట్టితోనే యింటితావు మెరకచేసికొనిరి. త్రవ్విన గుంత కుంటయ్యెను. చూరునుండి పడిన వాన ఆ కుంటలోనికే పోయెను. మెరకయు పల్లమును ఒకే గృహస్థుని లెక్కలో నుండెను. ఇప్పుడన్ననో స్థలములు నాలుగైదు సెంట్లకు దిగినవి. కుంటకు చోటులేదు. బుసకయు గ్రావెలును ట్రాక్టరులమీద ఎచ్చటినుండియో వచ్చును. వెనుక కట్టినవాడు ముందు కట్టినవానికంటె ఒక యడుగు ఎత్తు కట్టును; వాని తరువాత కట్టువాడు మరియొక యడుగు. వీధిలోని యిండ్లను వరుసగా చూచినచో ఏది యేయేట కట్టబడెనో గడపల యెత్తును బట్టియే చెప్పవచ్చును. మెరక తనకు, పల్లము పొరుగువానికి - ఇది నేటి గృహవాస్తు. వాస్తుశాస్త్రమును గూర్చి గంటలకొలది వాదించువారిలో ఒక్కరైనను ఈ సంగతి యెత్తగా మేము వినలేదు.

బందరులో మా యింటి గృహప్రవేశము 2024 ఫిబ్రవరిలో జరిగినది. పునాదికి అండర్‌రీమ్డ్ పైలు వేయించితిమి. అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బి, పైకి సన్నని స్తంభముగా వచ్చు ఈ పైలును నల్లరేగడి నేలల కొరకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిరి. పైమట్టి ఉబ్బినను క్రుంగినను, లోతున నాటుకొన్న యా గడ్డ యింటిని పట్టియుంచును. అందుచేత ఇల్లు కదలలేదు. కాని ఇంటిముందరి ఆరువందల చదరపుటడుగుల వాకిలికి పైలు లేవు.

ఆ సంవత్సరము ఆగస్టు చివరను సెప్టెంబరు మొదటను కురిసిన వానలు పాఠకులకు జ్ఞాపకముండును. బుడమేరు విజయవాడను ముంచినది. ప్రకాశము బ్యారేజీకడ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినది. దివిసీమ లంకలలో అరటియు పసుపును నీట నానినవి. అంతటి యార్తినడుమ మా వాకిటి బురదను గూర్చి వ్రాయుట సిగ్గుమాలిన పనియే. అయినను ఇంటియాపద యింటిదే. డెబ్బదియారేండ్ల మా అమ్మగారు తులసికోట దగ్గరకు పోవుచు కాలుజారి, ప్రహరీగోడను పట్టుకొని నిలిచిరి. ఎముక విరుగలేదు, ధైర్యము విరిగినది. నాటినుండి రెండు నెలలు ఆమె వరండా దిగలేదు. మా గృహిణి దినమునకు నాలుగుమారులు వరండా కడుగుచుండెను. మేము బడికి పోవునపుడొకమారు, పాలవాడు వచ్చినపుడొకమారు, పిల్లలు వచ్చినపుడొకమారు, దీపాలవేళ నొకమారు.

దసరా సెలవులలో కృత్రిమ పచ్చికను అమ్మువాడొకడు విజయవాడనుండి మా వీధికి వచ్చెను. రెండు వీధుల కవతల నొక క్రొత్తయింటి మేడమీద పరచిన పచ్చికను చూచి మా పిల్లలే యతని ఫోను నంబరు సంపాదించిరి. అతడు సంచిలోనుండి జానెడు ముక్కను తీసి మా గృహిణి చేతబెట్టి, “అమ్మగారూ, నీళ్ళు పోయనక్కరలేదు, కోయనక్కరలేదు, బురద అనే మాట మరచిపొండి” అనెను. ఆమె దానిని తిప్పి చూచెను. పైన పచ్చని పోచలు; వాని నడుమ, సహజత్వము కొరకు గాబోలు, ఎండినట్లు కనబడు గోధుమరంగు పోచలు నాలుగు. ఎండినగడ్డిని గూడ కర్మాగారమున చేయుచున్నారని తెలిసి మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

ఈ పదార్థము పుట్టుక వినదగినది. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున 1965లో పైకప్పు గల మహాక్రీడాగారము నొకదానిని కట్టిరి. కప్పునకు వెలుతురు వచ్చు పలకలుంచి లోపల నిజమైన గడ్డినే పెంచిరి. పలకలనుండి వచ్చు మెరుపు కన్నులలో పడి బంతి కనబడుటలేదని ఆటగాండ్రు మొరపెట్టగా పలకలకు రంగు పూసిరి. ఎండ లేక గడ్డి చచ్చినది. అంతట 1966లో మాన్‌శాంటో కంపెనీవారు చేసిన ప్లాస్టిక్ పచ్చికను అచ్చట పరచిరి. ఆ క్రీడాగారము పేరు ఆస్ట్రోడోము గావున దానికి ఆస్ట్రోటర్ఫ్ అను పేరు వచ్చినది. పదేండ్లకు, 1976 మాంట్రియాల్ ఒలింపిక్సులో హాకీ మొదటిసారిగా కృత్రిమ పచ్చికపై జరిగినది. అంతకుముందు ఏడు స్వర్ణపతకములు గెలిచిన మన జట్టు ఆయేడు ఏడవస్థానమున నిలిచినది. గడ్డినేలపై బంతిని ఆపి, మలచి, ఒయ్యారముగా కొనిపోవు విద్యకు ఆ చదునునేలపై వెనుకటి విలువ లేకపోయెను. ఓటమికి కారణములు మరికొన్ని యుండవచ్చును; 1980లో మాస్కోలో మనవారు మరల గెలిచిరి గూడ. అయినను నేల మారినపుడు విద్య మారవలసివచ్చునన్న మాట నిజము. మేము ఇచ్చట గమనింపదగిన దింకొకటి: ఆకసమును మూసివేసిన చోట గడ్డి చచ్చినందున పుట్టినది ఈ వస్తువు. మా వాకిట ఆకసము మూయబడలేదు. ఎండ కొదవలేదు, వాన కొదవలేదు. ఇచ్చట లేనిది కాలు మోపుటకు గట్టినేల యొక్కటే.

సంస్కృతమున పచ్చికబయలును శాద్వల మందురు. శాదము గలది శాద్వలము. శాదశబ్దమునకు అమరసింహుడు నానార్థవర్గమున రెండర్థములు చెప్పినాడు: ఒకటి లేబచ్చిక, రెండవది బురద. పాఠము చెప్పునపుడెల్ల ఈ రెంటికి నేమి సంబంధమని పిల్లలు అడుగుచుందురు. ఆ వానకారున మా వాకిలియే ఆ ప్రశ్నకు సమాధానము. బురద నుంచుకొనక పచ్చికను మాత్రము పొందవలెననునది మా కాలమున వచ్చిన కోరిక.

అమ్మువాడు వాకిలి కొలిచికొని తన పద్ధతి చెప్పెను. రేగడిమీద పచ్చికను నేరుగా పరచరాదు. పరచినచో వానకారున ఉబ్బి, వేసవిలో క్రుంగి, ఆరునెలలలో దుప్పటి ముడుతలవలె నగును, అతుకులు విచ్చును. కావున వాకిలియంతయు సిమెంటు కాంక్రీటు పోసి, తూర్పునకు వాలు పెట్టి, ప్రహరీగోడకు అడుగున నాలుగు గొట్టములుంచి, పైన పచ్చికను బంకతో నతికించవలెను. “ఒక్క చుక్క నిలవదండి” అని అతడు గోడవైపు చేయి చూపెను.

ఆ గోడ కావల మా తూర్పింటి పిన్నిగారు ఉన్నారు. ఆమె మాకు చుట్టము కాదు. బందరులో పొరుగింటి పెద్దదిక్కును పిన్నిగారనుటకు చుట్టరికము అక్కరలేదు. ఆ యిల్లు కట్టి నలువది యేండ్లయినది. అప్పుడు అది వీధిలో నెత్తైన యిల్లేనట. ఇప్పుడు మా గడపకు రెండడుగుల దిగువనున్నది. భర్త పోయినపిదప కుట్టుమిషను పెట్టుకొని, పిల్లను చదివించి, ఒంటరిగా కాలక్షేపము చేయుచున్నది. ఆ సెప్టెంబరులో ఆమె మంచముక్రింద నీరు నిలిచిన దినములు నాలుగు.

మేము కాగితము తీసి లెక్క వేసితిమి. ఆరువందల చదరపుటడుగులపై పది సెంటీమీటర్ల వాన కురిసినచో వచ్చు నీరు సుమారు 5500 లీటర్లు. మట్టివాకిలి దానిలో కొంత త్రాగును, కొంత గుంటలలో నిలుపును, తక్కినది మెల్లగా విడుచును. కాంక్రీటు వాకిలి ఒక్క చుక్క నిలుపదు. అమ్మువాడు చెప్పినది అక్షరాల నిజమే. ఆ నిలువని చుక్క యెచ్చటికి పోవునన్న ప్రశ్నకు అతడు, “గోడ దాటితే మనది కాదు కదండీ” అనెను. అతనిని నిందించుటకు మాకు మనసొప్పలేదు. చదువుకొన్న మన మందరము ఇండ్లు కట్టుకొనుచున్నది ఆ సూత్రముమీదనే. అతడు పైకి అనెను; మనము అనము.

అయినచో ప్లాస్టిక్ పచ్చిక వలదని తేల్చి, గరిక నాటి, దూర్వామాహాత్మ్యమును గూర్చి నాలుగు శ్లోకములు చదివి యూరకుందమా? ఆరాత్రి మేము గరికను గూర్చి మొదలుపెట్టగానే మా గృహిణి అడ్డుకొని, “ఏమండీ, గరికను పొగడేది మీరు, వరండా కడిగేది నేను. గరిక అల్లుకోవడానికి ఆరు నెలలు. అత్తయ్యగారు ఆరు నెలలు గదిలోనే కూర్చోవాలా?” అనెను. ఈ ప్రశ్నను దాటిపోవుట సంస్కారము కాదు. ప్రకృతిని గూర్చి మనము వ్రాయు వ్యాసములలో చీపురు పట్టినవారి చేయి సామాన్యముగా కనబడదు. కళ్ళాపిచల్లిన పచ్చని వాకిలి యందమును వర్ణించిన పురుషులు వేలకొలది. ఆ పేడనీళ్ళ బకెట్టు మోసినవారు వర్ణింపలేదు. బురద తొలగవలెనన్న కోరిక ఆమెకు ఆడంబరము వలన పుట్టలేదు, నడుమునొప్పి వలన పుట్టినది. మా అమ్మగారు మాత్రము, “వినాయకచవితికి ఈ గడ్డే పెడతారా నాయనా?” అని యడిగి, తన చమత్కారమునకు తానే నవ్వుకొనిరి. రెండు నెలలలో ఆమె నవ్వుట అదియే మొదలు.

మరునాడు మేస్త్రిని పిలిచి ముగ్గురమును వాకిట నిలిచితిమి. వరండామెట్టునుండి తులసికోటవరకు పదియడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు - అంతమేరయే ప్లాస్టిక్ పచ్చిక యనియు, తక్కిన 480 అడుగులు గరిక కనియు గృహిణి గీతగీసినది. తూర్పుగోడకు గొట్టములు వలదని మేము చెప్పితిమి. అయినచో నీటిని ఇంకుడుగుంతలోనికి పంపుదమనగా మేస్త్రి నవ్వి, “మాస్టారండీ, వానాకాలం బందర్లో ఇంకుడుగుంత తవ్వితే అది ఊటగుంతే అవుద్ది” అనెను. ఆ మాటలో పుస్తకములకంటె నెక్కువ భూగర్భశాస్త్రము గలదు. వానకారున ఇచ్చట నాలుగడుగులలోపుననే నీరు తగులును. నిండియున్న కుండలోనికి నీరు ఇంకించుట యెట్లు? రాయలసీమకు చెప్పు ఉపాయమును దిగువడెల్టాకు చెప్పరాదు.

అప్పుడు ఉపాయము చెప్పినదియు మేస్త్రియే. అతనికి బంటుమిల్లివైపు ఎకరమున్నర కౌలుచేను గలదు. గరికనేలను తక్కిన వాకిలికంటె నాలుగంగుళములు దిగువజేసి, చుట్టును జానెడు గట్టు కట్టి, గట్టునకు ఒకచోట చిన్న తూము ఉంచుమనెను. వాన కురియునపుడు నీరు మా వాకిటనే నిలుచును. వీధిలోని నీరు తీసిన తరువాత తూము విప్పుకొనవలెను. అనగా వాకిలిని మడిగా ఒప్పుకొనుట. మూడంగుళములు నిలిచినను 480 చదరపుటడుగులలో 3400 లీటర్లు ఆగును. గరిక వరిచేల గట్లమీదను కాలువలలోను బ్రతుకు జాతి. ఒకటి రెండు దినములు నీట నిలిచినంతమాత్రమున చావదు. కణుపు కణుపున వేరుదన్ని మట్టిని అల్లుకొనును. బురదను పట్టియుంచుటకు దానిని మించిన వలలేదు.

జనవరి 2025లో, నేల ఆరిన పిమ్మట, పని జరిగినది. ఇట్టి పని చేయించుకొనదలచిన గృహస్థుల కొరకు క్రమము చెప్పెదము. పచ్చిక పరచు మేర తొమ్మిదంగుళములు రేగడిని త్రవ్వి తీసివేసిరి. అడుగుమట్టిని తడిపొడిగా నుండగా దిమ్మిస వేసి, పది యడుగులకు అంగుళమున్నర వంతున వీధివైపునకు వాలు చేసిరి. బాగుగా తడిసినపుడు గాని, పూర్తిగా ఎండి నెర్రెలిచ్చినపుడు గాని ఈ పని చేయరాదు; రెండు వేళలందును మట్టి తన నిజమైన మట్టమును చూపదు. దానిపై జియోటెక్స్‌టైల్ అను గుడ్డ పరచిరి. ఇది లేనిచో రెండు వానకారులలో రేగడి పైకిలేచి, కంకర క్రిందికి దిగి, రెండును కలిసి బురదయగును. గుడ్డపై ఆరంగుళముల కంకర, నడుమ చిల్లుల గొట్టము. దానిపై రెండంగుళముల రాతిపొడిని తడిపి దిమ్మిస కొట్టిరి. చుట్టును సిమెంటు అంచు. ఆపైన పచ్చిక. అతుకుల దగ్గర రెండు చుట్టల పోచలును ఒకేవైపు వాలునట్లు చూడవలెను, లేనిచో పగటివెలుతురులో అతుకు చారవలె కనబడును. కడపట సన్నని ఇసుకను చల్లి చీపురుతో పోచల మొదళ్ళలోనికి దులిపిరి. పోచలు నిలువుగా నుండుటకును, గాలికి పచ్చిక లేవకుండుటకును ఇది అవసరము. కంకరదొంతరలోని ఖాళీలలోనే ఇంచుమించు ఆరువందల లీటర్ల నీరు పట్టును. పచ్చిక వెలకంటె దానిక్రింది రాతికిని చాకిరికిని అయిన వెల యెక్కువ. అంగడిలో చుట్టలపై వ్రాసిన ధరను చూచి మురియువారు ఈ మాట మరువరాదు.

నల్లరేగడిమీద ఉబ్బని మట్టిపొరను పరచి దాని యుబ్బును అణచవచ్చునని బొంబాయి ఐ.ఐ.టి.లో ఆర్. కె. కట్టిగారు పరిశోధించి చూపిరి. కాలువగట్లకును, కట్టడములకును ఉపయోగించిన విద్య యది. మా కంకరయు రాతిపొడియు దానికి సాటి రావు. అయినను ఇప్పటికి ముడుత పడలేదు.

మా అమ్మగారు మొదటిదినముననే కఱ్ఱ పట్టుకొని తులసికోట వరకు నడచిరి. ఫిబ్రవరి, మార్చి నెలలు ఆ పచ్చిక మా యింటికి దొరతనము తెచ్చినది. చూడవచ్చినవారందరును దానినే చూచిరి. దానిప్రక్క బోడిగా, అక్కడక్కడ పిలకలు వేయుచున్న గరికమడిని చూచి, “ఇక్కడ కూడా వేయించకపోయారా” అనిరి. ఏప్రిలు వచ్చినది. మధ్యాహ్నమున పచ్చికపై అరికాలు మోపుట కష్టమైనది. రోహిణికార్తెలో అసాధ్యమైనది. ప్లాస్టిక్ వేడెక్కునే గాని గడ్డివలె నీటిని ఆవిరిచేసి తన్ను తాను చల్లబరచుకొనలేదు. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమువారు 2002లో తమ క్రీడాస్థలమున కొలువగా కృత్రిమ పచ్చిక తారునేలకంటెను హెచ్చుగా కాగుచున్నట్లు తేలినది. అమ్మువాని యుపన్యాసమున నీళ్ళు పోయనక్కరలేదను మాట యుండెను. వేసవిసాయంకాలములందు మా పిల్లలు ఆడుకొనుటకు ముందు రెండు బకెట్లు దానిపై చల్లవలసి వచ్చినది. పొరుగువారి పిల్లి మాత్రము ఏ విశ్వవిద్యాలయమును అడుగక, మార్చిలో పచ్చికపై పండుకొన్నది మేలో గరికలోనికి మారినది. తులసికోటకు పోవువేళ ప్రాతఃకాలము గనుక మా అమ్మగారికి ఇబ్బంది లేకపోయెను.

అయ్యది యెన్నేండ్లు మన్నునో చూడవలసియున్నది. పోచలు పాలిథీను, ఎండకు కాలక్రమమున పెళుసెక్కి రాలక తప్పదు. రాలిన తునకలు వానతో కాలువకును, కాలువనుండి సముద్రమునకును పోవును; మన బందరుకాలువ కడపట సముద్రమే గదా. ఐరోపా సమాఖ్యవారు 2023 సెప్టెంబరులో చేసిన నిబంధన ప్రకారము క్రీడాస్థలముల పచ్చికలో చల్లు ప్లాస్టిక్, రబ్బరు గుళికల విక్రయము 2031 అక్టోబరుతో ఆగిపోవలెను. మేము గుళికలు చల్లలేదు, ఇసుకయే చల్లితిమి. పచ్చిక జీర్ణమైన పిమ్మట దానిని ఏమి చేయవలెనని అమ్మువాని నడుగగా, “అప్పటికి కొత్తది వేయించుకుంటారండీ” అనెను. అది ప్రశ్నకు సమాధానము కాదు. పోచలొకజాతి ప్లాస్టిక్, అడుగుగుడ్డ వేరొకజాతి, దానిమీద రబ్బరుపూత; విడదీయుట సులభము కాదు. 120 అడుగులకే పరిమితమైతిమన్న తృప్తి ఇచ్చట కొంత కలిగినది.

2025 అక్టోబరు 28వ తేది రాత్రి మొంథా తుపాను మచిలీపట్టణమునకును కళింగపట్టణమునకును నడుమ తీరము దాటినది. తుపానన్న మాట వినినచో బందరులో ముసలివారికి 1977 నవంబరు 19 జ్ఞాపకము వచ్చును. దివిసీమలో వేలకొలది ప్రాణములను ఉప్పెన కొనిపోయిన దినమది. అంతకుముందు 1864 నవంబరు 1వ తేది ఉప్పెనకు ఈ పట్టణమున, పరిసరములందు ముప్పదివేలమంది పోయిరని చరిత్ర చెప్పుచున్నది. ఆ రాత్రి ఉప్పెన రాలేదు. వానయు గాలియు వచ్చినవి. తెల్లవారి చూడగా గరికమడి గట్టువరకు నిండి, గరికకొనలు మాత్రము పైకి కనబడుచుండెను. పచ్చికపై నీరు లేదు. మా అమ్మగారు వరండాలో నిలిచి, “మన చేను బాగానే ఉందిరా” అనిరి. తూర్పుగోడ వెంబడి మావైపునుండి నీరు పోలేదు.

కాని పిన్నిగారింట మరల నీరు నిలిచెను. అది మా వాకిటినుండి పోయిన నీరు గాదు, వీధినుండి వచ్చినది. మావంటి మెరకయిండ్లు వీధిలో మరి పదకొండు గలవు. వానిలో తొమ్మిదింటి వాకిండ్లు కాంక్రీటువి. ఆ నీరంతయు వీధిలోనికి దూకి, వీధిచివర మురుగుకాలువను చేరు త్రోవలేక, అందరికంటె దిగువనున్న గడపను వెదకికొన్నది. మా గరికమడి నిలిపినది మా నీటిని మాత్రమే.

కార్తికమున మేము, మరి మువ్వురు గృహస్థులును కూడి, వీధివెంబడి అరువది గజముల మేర గొట్టము పరచి మురుగుకాలువకు కలుపుటకు అనుమతి తెచ్చుకొంటిమి. ఖర్చు నాలుగు వంతులు వేసికొందమనుకొనుచుండగా పిన్నిగారు వచ్చి, అయిదు వంతులు వేయుమనిరి. “మీ నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయి కాబట్టి నా వంతు వద్దంటే నేనొప్పుకోను. నా ఇంటి వాన కూడా ఆ గొట్టంలోనే పోతుంది” అని ఆమె చెప్పినపుడు మాలో నొకరు ఏదో అనబోయి మానిరి. ఆమె వంతు ఆమెయే యిచ్చెను. కాంక్రీటు వాకిండ్లవారిలో ముగ్గురు తరువాత చేరిరి. ఒకరు మా గట్టును, తూమును వచ్చి కొలుచుకొనిపోయిరి.

త్రవ్వకము మాఘమాసమున మొదలైనది. మూడడుగులలోననే ఊట తగిలినందున గొట్టమును అనుకొన్నదానికంటె పైకెత్తి పరుపవలెనని మేస్త్రి చెప్పెను. అట్లెత్తినచో మా గేటుముందర వీధిలోనికి చాచియున్న ర్యాంపు అడ్డు వచ్చును. దానిని ఆరంగుళములు కొట్టివేయవలెను. కొట్టినచో మోటారుసైకిలు ఎక్కించుట కొంచెము కష్టము. ర్యాంపు కొట్టుటకు ఆదివారము కూలీలను రమ్మన్నాము.